బిషప్ బంటు అయిపోయింది: వాలంటీర్ బ్రెయిల్ సర్వీస్ వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది పెద్ద పోస్టే. స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు చదివి వినిపించే ప్రోగ్రామ్) పెట్టుకుని టైప్ చేస్తున్నా కాబట్టి ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తేడా కొడితే సర్దుకోండి, వేరేవాళ్ల చుక్కల తప్పులు ఎత్తి చూపించే పోస్టులో నా తప్పులు ఉంటే నవ్వుకుంటారు కదా, నవ్వుకోండి పర్లేదు.

విషయం ఏంటంటే చూపు లేనివాళ్లకీ, బాగా తక్కువ ఉన్నవాళ్లకీ మనం పంపిన పుస్తకాన్ని బ్రెయిల్‌లోకి మార్చి పంపే వాలంటీర్ గ్రూపులు ఉంటాయి కదా, అలాంటి ఒక గ్రూప్‌తో రెండు పనులు చేయించుకున్నా. ఒకటి చెస్ పుస్తకం, రెండోది మా అమ్మ ఉత్తరాలు. గ్రూప్ పేరు మాత్రం చెప్పను. కొన్ని కంప్లైంట్లు ఉన్నాయి, వాళ్లేమో పైసా తీసుకోకుండా చేస్తున్నారు, పేరు పెట్టి మరీ గిల్లడం నాకు నచ్చలేదు. అయినా ఏ గ్రూప్ అయినా పని నడిచే తీరు కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది కాబట్టి మీరు ఎవరికి పంపినా ఇది పనికొస్తుంది.

నా గురించి రెండు ముక్కలు, ఎందుకంటే రివ్యూ ఎవరు రాస్తున్నారో తెలియకపోతే రేటింగ్‌కి అర్థం ఉండదు. నాది రెటినైటిస్ పిగ్మెంటోసా. ముందు రాత్రి చూపు, తర్వాత పక్కల చూపు, చివరికి మధ్యలో మిగిలిన ఆ కాస్త గొట్టం కూడా పోయింది. ఇరవై ఏడేళ్ల దాకా మామూలు అచ్చు చదివా, ముప్పై దాటాక బ్రెయిల్ నేర్చుకున్నా. చిన్నప్పటి నుంచి చదివినవాళ్ల వేళ్లు లైను మీద జారిపోతుంటాయి, నావి పాకుతాయి. సో నేను స్లో రీడర్‌ని. స్లో రీడర్‌కి తప్పులు ఎక్కువ కనపడతాయి అని కూడా గుర్తుపెట్టుకోండి, ఒక్కో గడి (ఒక అక్షరం పట్టే ఆరు చుక్కల చోటు) మీద అంతసేపు కూర్చుంటాం మరి.

"ఆడియో ఉంది కదా, ఫోన్ చదివి పెడుతుంది కదా, ఇంకా ఈ చుక్కలెందుకు" అని అడిగేవాళ్లు కింద కామెంట్లలో ఎలాగూ వస్తారు. చెస్ పుస్తకాన్ని ఆడియోలో ఒక్కసారి విని చూడండి. ఎత్తు, ఎత్తుకి జవాబు, బ్రాకెట్‌లో ఇంకో లైను, దాని లోపల ఇంకో లైను, ఎక్కడి నుంచి పక్కకి వెళ్లామో వెనక్కి రావాలంటే ఎన్ని సార్లు రివైండ్ కొట్టాలో. వేలితో అయితే ఎడమ చెయ్యి అసలు లైను మీద పెట్టి ఉంచుతా, కుడి చేత్తో పక్క దారి చదివి మళ్లీ ఎడమ చేతి దగ్గరికి వచ్చేస్తా. ఇక ఉత్తరాల సంగతి తర్వాత చెప్తా, అది వేరే కారణం.

ఇంట్లోనే ఎందుకు చేసుకోలేదు అంటే, చేసుకున్నా. లిబ్‌లూయీ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, 2002లో మొదలైంది, మొదలుపెట్టిన జాన్ బోయర్‌కి చూపూ వినికిడీ రెండూ లేవు, ఇవాళ మనం వాడే చాలా స్క్రీన్ రీడర్ల లోపల బ్రెయిల్ పని చేసేది అదే. మామూలు కథో వ్యాసమో టైప్ చేసిన ఫైల్ ఇస్తే సెకన్లలో మార్చి పడేస్తుంది, దానికి దండం పెట్టాల్సిందే. కానీ నాది స్కాన్ చేసిన పుస్తకం. స్కాన్ నుంచి అక్షరాలు తీసే ప్రోగ్రామ్ 1 అంకెని ఎల్ అక్షరం చేసింది, కాస్లింగ్‌కి (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదపడానికి) రాసే సున్నాలని ఓ అక్షరాలు చేసింది, బోర్డు బొమ్మలు ఉన్న చోట ఏవో గుర్తులు వాంతి చేసింది, ఆ చెత్తని లిబ్‌లూయీ చాలా శ్రద్ధగా, చాలా కరెక్ట్‌గా బ్రెయిల్ చేసి ఇచ్చింది. చెత్త కూడా ఇంత నీట్‌గా ఉంటుందని అప్పుడే తెలిసింది.

సరే, ఫారం నింపా. ఫారం స్క్రీన్ రీడర్‌తో సాఫీగానే నడిచింది, ఒక్క చోట తప్ప, పుస్తకం కవర్ ఫోటో అప్‌లోడ్ చెయ్యమని అడుగుతుంది, బ్లైండ్ వాళ్ల సర్వీస్‌లో కవర్ ఫోటో కంపల్సరీ పెట్టినవాళ్లెవరో వాళ్లకి నా నమస్కారం. తర్వాత పుస్తకం మీరు కొన్నదేనా అని అడిగారు, ఒక అచ్చు కాపీ పంపమన్నారు. కాపీరైట్ గొడవ రాదా అని అడిగితే మర్రకేష్ ఒప్పందం గురించి చెప్పారు. 2013లో కుదిరింది, 2016 సెప్టెంబర్ 30 నుంచి అమల్లో ఉంది, అచ్చు చదవలేనివాళ్ల కోసం హక్కుదారు పర్మిషన్ లేకుండానే బ్రెయిల్ కాపీ చేసుకునేలా చట్టాలు పెట్టుకుంటామని దేశాలు ఒప్పుకున్న కాగితం అది, దాన్ని అందరికంటే ముందు రాటిఫై చేసింది ఇండియానే. మరి ఫైల్ నా ఫ్రెండ్‌కి పంపొచ్చా అంటే "మీ ఫ్రెండ్‌కి కూడా చూపు సమస్య ఉంటే సరే, లేకపోతే కుదరదండీ" అన్నారు. న్యాయమే.

తర్వాత మూడు వారాలు సైలెన్స్. ఒక్క మెయిల్ లేదు. మనం పంపిన పుస్తకం చేరిందో లేదో కూడా తెలియదు. నేను అడిగాక "క్యూలో ఉంది" అని ఒక ముక్క. ఇది నా మొదటి కంప్లైంట్, వాలంటీర్లైనా సరే "అందింది, ఇన్ని పుస్తకాల తర్వాత మీది" అని ఒక లైన్ రాయడానికి చుక్కలు గుద్దక్కర్లేదు కదా.

ఆ తర్వాత మాత్రం ఒక మెయిల్ వచ్చింది, అక్కడి నుంచి నా అభిప్రాయం మారిపోయింది. నా పుస్తకం తీసుకున్న మేడమ్ రాసింది. ఆవిడకి చెస్ రాదట, ఆ మాట మొదటి లైన్లోనే చెప్పింది, ఆట నియమాలు వారం నుంచి నేర్చుకుంటున్నా అని. తర్వాత ప్రశ్నలు. "పుస్తకంలో 118 బోర్డు బొమ్మలు ఉన్నాయండీ. ప్రతిదాన్నీ ఉబ్బెత్తు బొమ్మగా చెయ్యొచ్చు, కానీ ఒక్కోటి ఒక పేజీ తింటుంది, వేలితో బోర్డంతా తడుముకుంటూ ఏ గడిలో ఏముందో వెతకాలి. లేదా తెల్లవి ఇక్కడిక్కడ, నల్లవి ఇక్కడిక్కడ అని లిస్టుగా రాసేస్తా, మీ దగ్గర బోర్డు ఉంటే దాని మీద పేర్చుకోవచ్చు. మీ దగ్గర బోర్డు ఉందా?"

ఉంది. గడికో రంధ్రం, నల్ల గళ్లు కాస్త ఎత్తు, పావుల కింద మేకు, నల్ల పావుల నెత్తి మీద చిన్న ముల్లు. లిస్టే చెయ్యండి అన్నా. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఆవిడ తనకి తోచినట్టు 118 బొమ్మలూ ఉబ్బెత్తుగా చేసి పంపి ఉంటే ఎంత కష్టపడినా ఆ పుస్తకం నాకు సగం వేస్ట్ అయ్యేది. బ్రెయిల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటే అక్షరానికి అక్షరం మార్చడం అని నేనూ అనుకునేవాణ్ణి. మార్చడం మిషన్ చేస్తుంది. ఈ బొమ్మ కంటికి ఏం చెప్తోంది, అది వేలికి ఎలా చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా, ఇది తేల్చేది మనిషి. నేను ఈ సర్వీస్‌కి ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం దీనికే.

మొత్తం ఏడు నెలలు పట్టింది. ఎందుకంత అని మధ్యలో విసుక్కున్నా కూడా. పద్ధతి ఏంటంటే ఆవిడ టైప్ చేస్తుంది, అది ప్రూఫ్ రీడర్ దగ్గరికి వెళ్తుంది, ఆ ప్రూఫ్ రీడర్ బ్లైండ్ మనిషి, వేలితో చదివి తప్పులు రాస్తాడు, ఆవిడ సరిదిద్దుతుంది, అప్పుడు ఎంబోసర్ (కాగితం మీద చుక్కలు గుద్దే ప్రింటర్) మీదకి, తర్వాత బైండింగ్. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఇది రాత్రుళ్లూ ఆదివారాలూ చేసే పని. పైగా ఎవరు పడితే వాళ్లు రేపొద్దున చేరి చేసేసేది కాదు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సర్టిఫికెట్ ఇస్తుంది, దానికి కోర్సు పాఠాలన్నీ అయ్యాక 35 బ్రెయిల్ పేజీల పరీక్ష ప్రతి ఒకటి తయారుచేసి పంపాలి, 80 మార్కులు వస్తేనే పాస్. అది మామూలు పుస్తకాలకే, లెక్కలకి వేరే, సంగీతానికి వేరే, ప్రూఫ్ రీడింగ్‌కి వేరే.

అసలు ఈ లిపికి ఆలస్యం పుట్టుకతోనే అంటుకుందేమో. లూయీ బ్రెయిల్ 1824లో పదిహేనేళ్లకే దాన్ని దాదాపు తయారుచేసేశాడు, 1829లో పుస్తకంగా వచ్చింది, ఆయన చదివి పాఠాలు చెప్పిన స్కూల్ దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, ఆయన పోయిన రెండేళ్లకి. నా ఏడు నెలలు దాని ముందు ఎంతలే అని సరిపెట్టుకున్నా.

బాక్స్ వచ్చిన రోజు మా ఆవిడ "ఏం ఆర్డర్ పెట్టావ్, మిక్సీయా" అంది. 190 పేజీల పుస్తకం ఆరు వాల్యూములు. బ్రెయిల్ కొత్తవాళ్లకి ఇది షాకే కాబట్టి వివరంగా చెప్తా. బ్రెయిల్ పేజీలో మామూలుగా లైనుకి నలభై గళ్లు, పేజీకి ఇరవై అయిదు లైన్లు, చుక్క సైజు చిన్నది చెయ్యడానికి లేదు, వేలి కొస ఎంతుంటే అంత. ఒక్కో అచ్చు పేజీ రెండు మూడు బ్రెయిల్ పేజీలవుతుంది. కాగితం దళసరి, చుక్కలు నలగకూడదు కాబట్టి గట్టిగా నొక్కి కట్టకూడదు. నా పుస్తకం పైగా ఒక వైపే ముద్రించమని అడిగా, రెండు వైపులా వేస్తే వెనక చుక్కల గుంటలు నా వేలిని కంగారు పెడతాయి. సో ఒక అరంతా చెస్సే ఇప్పుడు. పోస్టల్ ఖర్చు మాత్రం లేదు, అంధుల కోసం పంపే సామగ్రికి అంతర్జాతీయ తపాలా ఒప్పందంలోనే మినహాయింపు ఉంది.

బైండింగ్ ప్లాస్టిక్ స్పైరల్, పుస్తకం పూర్తిగా వెనక్కి మడిచి ఒళ్లో పెట్టుకోవచ్చు, సూపర్. ప్రతి వాల్యూమ్ మొదట్లో అందులో ఏ చాప్టర్లున్నాయో చిన్న లిస్ట్. ప్రతి పేజీలో బ్రెయిల్ పేజీ నంబర్‌తో పాటు అచ్చు పుస్తకం పేజీ నంబర్ కూడా. చిన్న విషయంలా ఉంటుంది కానీ క్లబ్‌లో ఎవరో "నలభై మూడో పేజీలో ఆట చూడు" అంటే నేనూ నలభై మూడో పేజీకి వెళ్లగలిగాను, అది నాకు చాలా ఏళ్ల తర్వాత జరిగింది.

ఇప్పుడు తప్పుల దగ్గరికి వద్దాం. నిమ్జో ఇండియన్ ఓపెనింగ్ ఉంటుంది కదా, నాలుగో ఎత్తుకి తెల్లవాడు ఎ3 గడికి బంటు తోస్తాడు (బోర్డు మీద నిలువు వరసలకి ఎ, బి, సి అని అక్షరాలు, అడ్డ వరసలకి అంకెలు), నల్ల బిషప్ సి3 లో గుర్రాన్ని కొట్టి చెక్ ఇస్తుంది, తెల్లవాడు బి బంటుతో ఆ బిషప్‌ని తీసుకుంటాడు. అచ్చులో రెండూ దాదాపు ఒకటే, బి, ఎక్స్, సి, 3, ఎక్స్ అంటే కొట్టడం. తేడా ఒక్కటే, బిషప్ అయితే పెద్ద బి, బంటు అయితే చిన్న బి. బ్రెయిల్‌లో పెద్ద అక్షరానికి వేరే ఆకారం లేదు, ముందు గడిలో ఆరో చుక్క ఒక్కటి పెట్టాలి, అంతే (గడిలో ఎడమ వరస పై నుంచి కిందకి 1, 2, 3, కుడి వరస 4, 5, 6). నా పుస్తకంలో ఆ చుక్క లేదు. నల్లవాడు కూడా బి బంటుతో సి3 మీద కొడుతున్నాడు, వాడి బి బంటు ఇంకా కదలనే లేదు, బి7లోనే కూర్చుంది, అక్కడి నుంచి సి3 కి ఎలా ఎగిరింది రా బాబూ అని అరగంట బోర్డు తడుముకుంటూ కూర్చున్నా. నా తెలివే తక్కువేమో అనుకున్నా మొదట. బిషప్ కాస్తా బంటు అయిపోయిందని తట్టడానికి అరగంట.

అలాంటివి మొత్తం పుస్తకంలో పదకొండు దొరికాయి నాకు. నాలుగు ఆరో చుక్కవి, మూడు అంకె గుర్తువి. అంకె గుర్తు అంటే తెలియనివాళ్లకి, బ్రెయిల్‌లో ఒకటి నుంచి సున్నా దాకా అంకెలకి వేరే చుక్కలు లేవు, ఎ నుంచి జె దాకా ఉన్న అక్షరాలే, ముందు 3-4-5-6 చుక్కల గుర్తు పెడితే అంకె, పెట్టకపోతే అక్షరం. గుర్తు మర్చిపోతే 10 కాస్తా ఎజె అవుతుంది, 25 బిఇ అవుతుంది, ఈ4 అనే ఎత్తు ఈడి అవుతుంది. మిగతావి మామూలు అక్షర దోషాలు. ఆరు వాల్యూముల్లో పదకొండు అంటే చాలా తక్కువే, అచ్చు పుస్తకాల్లోనే ఇంతకంటే ఎక్కువ చూశా ఒకప్పుడు. కానీ చెస్‌లోనూ లెక్కల్లోనూ ఒక్క చుక్క పోతే వాక్యం అర్థాన్ని బట్టి ఊహించుకోవడానికి ఉండదు. పైగా గడిలో ఒకే ఒక్క చుక్క ఉంటే అది పై చుక్కా కింది చుక్కా అని చెప్పడం వేలికి కష్టం, పక్కన పోల్చుకోవడానికి ఇంకోటి ఉండదు కదా. ప్రూఫ్ రీడర్‌కి చెస్ వచ్చి ఉంటే ఆరో చుక్క తప్పులు నాలుగూ దొరికిపోయేవి అని రాశా. "ఆయనకీ రాదండీ, ఇద్దరం కలిసి మునిగాం" అని జవాబిచ్చింది మేడమ్. వారంలో సరిదిద్దిన పేజీలు వచ్చాయి, పాతవి తీసి స్పైరల్‌లో పెట్టుకోమని. ఇది బాగుంది. తప్పు చెప్తే మొహం మాడ్చుకోని సర్వీసు ఎంత అరుదో మీకు తెలుసు.

ఫైల్ కూడా ఇచ్చారు, బ్రెయిల్‌ని కంప్యూటర్లో దాచుకునే బీఆర్‌ఎఫ్ ఫైల్. దీనితో నా రెండో కంప్లైంట్. అది నలభై గళ్ల లైనుకి తెగ్గొట్టి ఉంటుంది, నా బ్రెయిల్ డిస్‌ప్లేకి (ఫైల్లోని అక్షరాలని వేలికి తగిలే చుక్కలుగా పైకి లేపే పరికరం) ఇరవై గళ్లే, ప్రతి లైనూ రెండు ముక్కలై పావుల లిస్టు అంతా చెల్లాచెదురు. ఇరవై గళ్లకి మళ్లీ చేసివ్వమంటే "మొత్తం ఫార్మాటింగ్ మళ్లీ చూడాలి, కుదరదు" అన్నారు. వాళ్ల బాధ అర్థమైంది కానీ ఇలా అవుతుందని ఫారంలోనే డిస్‌ప్లే సైజ్ అడిగి ఉండాల్సింది. కవర్ ఫోటో బదులు అది అడగండి సార్.

ఇక ఉత్తరాలు.

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో అమ్మ రాసినవి, ఇరవై మూడు. అప్పటికి చదివేశాను, అప్పుడు నా కళ్లు బాగానే పనిచేసేవి, చదివి దిండు కింద పడేసేవాణ్ణి. ఆవిడ పోయాక మళ్లీ చదవాలనిపించింది, అప్పటికి కళ్లు లేవు. ఫోన్ యాప్‌తో ఫోటో తీసి చదివించా. చేతిరాత తెలుగు కదా, సగం తప్పులు, అది సరే అనుకున్నా కానీ ఆ గొంతు. అదే గొంతు పొద్దున్నే బ్యాంక్ మెసేజ్ చదువుతుంది, ఓటీపీ చదువుతుంది, అదే గొంతుతో "చిన్నా, ఎలా ఉన్నావురా" అంటే నావల్ల కాలేదు, ఆపేశా. మా ఆవిడ చదివి పెడతానంది, వద్దన్నా, ఆవిడ గొంతులో అమ్మ మాటలు వినడం ఇంకా ఇబ్బంది. బ్రెయిల్‌కి గొంతు ఉండదు. అందుకే.

తెలుగు చేసేవాళ్లు ఆ గ్రూప్‌లో ఇద్దరే ఇద్దరు. తెలుగు బ్రెయిల్ అంటే భారతి బ్రెయిల్, 1951లో ఖాయం చేశారు, మన క హిందీ క తమిళ క అన్నిటికీ ఒకే చుక్కలు. గుణింతాలు గడి పక్కన గడిగా విప్పేసి రాస్తాం, కి అంటే క గడి తర్వాత ఇ గడి. ఒత్తు ఉంటే ఆ జంట ముందు నాలుగో చుక్క ఒక్కటి. అమ్మ అని రాయాలంటే నాలుగు గళ్లు: అ, నాలుగో చుక్క, మ, మ. ఆ చుక్క జారిందా, అమమ. మళ్లీ అదే ఒంటి చుక్క బాధ, ఇంగ్లీషులో కింద చుక్క, తెలుగులో పై చుక్క. నా ఉత్తరాల్లో అమమ రెండు చోట్ల వచ్చింది, కంప్యూటర్ మీద ఆరు మీటలతో కొడతారు, ఎఫ్ డి ఎస్ ఒక చెయ్యి, జె కె ఎల్ ఒక చెయ్యి, ఆ రెండు సార్లూ జె మీద వేలు పడలేదన్నమాట. దీనికి మాత్రం సరిదిద్దిన పేజీలు అడగలేదు.

ఉత్తరాలు పంపేముందు ఒక్కటి ఆలోచించుకోండి, మీరు చదవకముందే ఇంకో మనిషి చదువుతుంది. ప్రతి అక్షరం. నేను ఇది ఫోన్ చేసి అడిగా, ఒక్కరే చెయ్యాలి, ప్రూఫ్ రీడర్‌కి వెళ్లకూడదు, తప్పులుంటే నేను పడతా అని. ఒప్పుకున్నారు, కాగితం మీద రాసిచ్చారు, పని అయ్యాక ఫైల్ తీసేశామని మెయిల్ పెట్టారు, అసలు ఉత్తరాలు వేసిన వరస మారకుండా వెనక్కి వచ్చాయి. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

పని ఎలా చేశారో చెప్తా. అమ్మ రాతలో దీర్ఘాలు ఎక్కువ తక్కువలు, కామాలు లేవు, ఒక ఉత్తరంలో మూడు పేజీలకి ఒకటే వాక్యం (నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది). ట్రాన్స్‌క్రైబర్ ఒక్కటి కూడా దిద్దలేదు, తప్పు తప్పుగానే ఉంచింది. చదవలేని చోట ఊహించి నింపలేదు, "ట్రాన్స్‌క్రైబర్ గమనిక: ఒక పదం తడిసి చెరిగిపోయింది" అని పెట్టింది. కొట్టివేతలు ఉన్న చోట కొట్టివేత ఉందని రాసింది, కింద అక్షరాలు కనిపిస్తే ఏమని కనిపిస్తున్నాయో కూడా రాసింది. ఒక ఉత్తరంలో అమ్మ "డబ్బులు లేవు" అని రాసి కొట్టేసి "వచ్చే వారం పంపుతా" అని రాసింది. ఇది నేను కళ్లతో చదివినప్పుడు చూడలేదు. పంతొమ్మిదేళ్లవాడు కొట్టివేతలు చదువుతాడా, డబ్బు ఎప్పుడొస్తుందో చూసుకుంటాడు కానీ.

పదహారో ఉత్తరం చివర్లో ఇంకో గమనిక: "మూలలో చిన్న బొమ్మ. నాలుగు కాళ్లు, పొడవు తోక. కుక్క కావచ్చు, గుర్రం కావచ్చు, ఖాయంగా చెప్పలేను." పిల్లి అది. మా పిల్లి. అమ్మకి బొమ్మలు వెయ్యడం రాదు, ఆ సంగతి కూడా ఎంతో నిజాయితీగా బ్రెయిల్‌లోకి వచ్చేసింది, పడీ పడీ నవ్వా. ఇదే మిషన్ అయితే "చిత్రం" అని ఊరుకునేది, అతి తెలివి మనిషైతే "ముద్దులొలికే కుక్కపిల్ల" అని కథ అల్లేది. రెండూ కాకుండా కనపడింది కనపడినంత చెప్పడం, మిగతాది నాకు వదిలెయ్యడం, ఇది ఎక్కడ నేర్పిస్తారో కానీ బాగా నేర్పిస్తున్నారు.

ఒక్క చోట మాత్రం కోపం వచ్చింది. మొదటి విడత పది ఉత్తరాలు ఈవిడ చేసింది, రెండో విడతలో రెండు ఉత్తరాలు నాకు చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చారు, ఆవిడ మొత్తం దిద్దేసింది. "వస్తాఉండు" అని రాసేది అమ్మ, అది "వస్తూ ఉండు" అయిపోయింది. కామాలు పుట్టుకొచ్చాయి. చదువుతుంటే ఎవరో టీచర్ రాసిన ఉత్తరంలా ఉంది. రెండు పేజీలు చదివి ఇది అమ్మ కాదు అని పక్కన పెట్టి ఫోన్ చేశా, గట్టిగానే మాట్లాడా, ఒక్కరే చెయ్యాలని రాసిచ్చిన కాగితం గుర్తుచేశా. సారీ చెప్పి మొదటి ఆవిడతో మళ్లీ చేయించారు, పది రోజుల్లో వచ్చాయి. తప్పు దిద్దిన ఆవిడది చెడ్డ ఉద్దేశం కాదని తెలుసు, మంచి తెలుగు వచ్చినవాళ్లకి చెయ్యి ఆగదు. మీరు పంపేటప్పుడు మాత్రం "ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం దిద్దొద్దు" అని పెద్దగా రాసి పంపండి.

ఉత్తరాలు చేసిన ఆ మొదటి మేడమ్‌కి థాంక్స్ చెప్దామని స్లేట్ (గళ్లున్న పట్టీ), స్టైలస్ (గుచ్చే మొన) పెట్టి చేత్తో ఒక ఉత్తరం గుచ్చి పంపా. తెలియనివాళ్లకి, దాంతో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి, అద్దంలోలా తిరగేసి గుచ్చాలి, కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. ఆవిడ చూపున్న మనిషి, వేలితో చదవడం రాదట, టేబుల్ లైట్ పక్క నుంచి పడేలా పెట్టి చుక్కల నీడలు చూసి కళ్లతో చదువుతుందట. నా ఉత్తరంలో మూడు తప్పులు పట్టుకుని మెయిల్ చేసింది, అందులో ఒకటి నాలుగో చుక్క.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: చెస్ పుస్తకానికి ఐదుకి మూడున్నర, ఉత్తరాలకి ఐదు, ఫోన్ ఎత్తడానికీ మెయిల్‌కి జవాబివ్వడానికీ రెండు. అర్జెంట్‌గా వచ్చే నెల పరీక్షకి పుస్తకం కావాలంటే ఇటు రావద్దు, టైప్ చేసిన ఫైల్ సంపాదించి సాఫ్ట్‌వేర్‌తో చేసుకోండి. బొమ్మలు, టేబుళ్లు, చేతిరాత, పాత కాగితాలు, ఇలాంటివి ఉంటే ఇక్కడికే రండి, ఓపిక తెచ్చుకుని రండి. పంపేటప్పుడు ఒక వైపా రెండు వైపులా, లైన్ల మధ్య ఖాళీ కావాలా, ఇంగ్లీష్ అయితే పొట్టి రూపాల బ్రెయిలా పూర్తి స్పెల్లింగా, మీ డిస్‌ప్లేకి ఎన్ని గళ్లు, ఇవన్నీ మీరే రాసిపెట్టండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

ఇరవై మూడు ఉత్తరాలు అన్నా కదా పైన, పంపింది ఇరవై రెండే. ఒకటి ఇవ్వలేదు. అందులో ఏముందో నాకు బాగానే గుర్తుంది, వేరే మనిషి కంటపడటం ఇష్టం లేక ఆపుకున్నా. పోయిన వారం ఫారం మళ్లీ నింపా, ట్రాన్స్‌క్రైబర్ ఎవరు కావాలి అన్న చోట పిల్లిని కుక్క అన్న మేడమ్ అని రాశా. మూడు నెలల క్యూ అన్నారు. ఈసారి అందిందని మెయిల్ మాత్రం అదే రోజు వచ్చింది.